తవుడుకు కొన్న పిల్ల

సీరియల్ నవల ‘మూడో కీపరు’ – తొమ్మిదో వారం

కరెంటు వచ్చి పావుగంట దాటింది. వంటింటి మూలనున్న నీలం డ్రమ్ము నిండగానే భానుప్రియ రబ్బరు గొట్టం కొన మడిచి, నీళ్లు కారకుండా పిడికిట్లో బిగించి పట్టుకుని, గుమ్మం దాటి ఎదురింట్లోకి నడిచింది. రంగూనులో బోటాటౌంగ్ పేటలోని ఆ పాత మేడ నాలుగో అంతస్తులో ఉన్నవి రెండిళ్లే. ఇటు చిలకమ్మది, అటు బర్మా ఆవిడ డా ఓన్ చీది; ‘డా’ అంటే అక్కడ ‘గారు’ లాంటిది. మోటారు ఇద్దరికీ ఒకటే, గొట్టమూ ఒకటే. ముందు ఈ ఇంటి డ్రమ్ము, తర్వాత ఆ ఇంటి డ్రమ్ము. కరెంటు మళ్లీ పోయేలోగా రెండూ నిండాలి. పగటిపూట ఏ తలుపుకీ గడియ పడదు.

భానుకి ఆవేళ గొట్టం కూడా బరువుగానే ఉంది. రాత్రి కునుకు పట్టలేదు.

సంగతి నిన్నటికి ఇక్కడిదాకా వచ్చింది. ఇరవయ్యారేళ్ల భాను బర్మా దేశపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు శిబిరంలో మూడో గోల్‌కీపరు. మూడో కీపరంటే మిగతా ఇద్దరికీ సాధన కోసం బంతులు తన్నిపెట్టే మనిషి. ఆ ఇద్దరూ నిజంగానే మంచి కీపర్లు. ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేదు. ఇన్నేళ్లలో ఒక్క మ్యాచిలోనూ ఆమె గోలు ముందు నిలబడలేదు. అలాంటి పిల్లకి సముద్రం అవతలనుంచి, సెయింట్ బ్రైస్ అనే చిన్న దీవి నుంచి కబురొచ్చింది. ఇప్పటికీ తెల్లవాళ్ల జెండా కిందే ఉన్న దీవి అది. జనం తక్కువ, ఆడేవాళ్లు మరీ తక్కువ. ఆ గడ్డ మీద పుట్టినవాళ్ల మనవలు ఏ దేశంలో ఉన్నా సరే, దీవి పాస్‌పోర్టు ఇచ్చి జట్టులోకి తీసుకుంటారు. భాను అమ్మమ్మ దేముడమ్మ అక్కడి కొబ్బరితోటల్లో పుట్టి, చిన్నపిల్లగా తండ్రి వెంట ఓడెక్కి రంగూను వచ్చింది. ఆ సంగతి దీవివాళ్లు ఒప్పుకున్నారు. దేముడమ్మ కూతురు చిలకమ్మ, అదీ ఒప్పుకున్నారు. చిలకమ్మ కూతురు భాను అన్న దగ్గర ముడి పడింది. ఎందుకంటే భాను పౌరసత్వ కార్డులో తల్లి పేరు చిలకమ్మ కాదు, డా ఓన్ చీ.

‘కన్నతల్లిని మా ఎదుట కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పించండి. ఆమె ఒప్పుకుంటే ఇద్దరి రక్తం పరీక్షకు పంపుదాం’ అని కబురు పెట్టాడు దీవి జట్టు మేనేజరు జగన్మోహన్. ఈరోజు సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్.

ఎదురింట్లో డా ఓన్ చీ అద్దం ముందు కూర్చుని చెంపలకి తనాఖా గంధం రాసుకుంటోంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. వీధి అంతా ఆవిణ్ణి ‘సయామ’ అంటుంది, పంతులమ్మ అని. భాను ఒక్కతే ‘మేమే’ అంటుంది, అమ్మా అని అర్థం. కన్న చిలకమ్మని మాత్రం ‘పిన్నీ’ అంటుంది. మాటలొచ్చినప్పుడే అలా నేర్పారు. తాను చిలకమ్మ కడుపున పుట్టానని భానుకీ తెలుసు, వీధికీ తెలుసు. తవుడుకు అమ్మిన పిల్లవి కాబట్టి అలాగే పిలవాలి అనేవారు ఇంట్లో. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

“నాలుగింటికే కదా?” అంది డా ఓన్ చీ బర్మా భాషలో, అద్దంలోంచే చూస్తూ. “కాస్త ముందే వచ్చి కూర్చుంటాను. ఆకుపచ్చ లుంగీ తీసిపెట్టాను. బాగుంటుందా, మరీ పెళ్లికి వెళ్తున్నట్టు ఉంటుందా?”

భాను గొట్టం డ్రమ్ములో వదిలింది.

“తల్లిని చూస్తామన్నారని నువ్వేగా చెప్పావు,” అంది ఆవిడ. “ఇంగ్లీషులో అడుగుతారేమో. మర్చిపోయాను చాలావరకు. విను ఒకసారి.” గొంతు సవరించుకుని, పిల్లలచేత వల్లె వేయించినట్టు ఒక్కో మాటా విడదీసి పలికింది. “మై డాటర్ ఈజ్ ఎ గుడ్ గర్ల్. షీ ఈజ్ నెవర్ లేట్. సరిపోతుందా?”

“సరిపోతుంది మేమే.”

“ముఖం అలా పెట్టకు. దూరం వెళ్తున్నావని నేను ఏడవను. అలాంటి తల్లిని కాను.”

భాను నోరు తెరిచింది. అంతలో డ్రమ్ము నిండి, నీళ్లు పొంగి, ఆవిడ కడిగి ఆరబెట్టుకున్న చెప్పుల దాకా పారాయి. గుడ్డ తెచ్చి తుడిచి, గొట్టం చుట్టుకుని ఇవతలికి వచ్చేసింది.

ఇంట్లో చిలకమ్మ పొద్దుటి దోసెల బండి పని ముగించుకుని వచ్చి, రేపటికి పప్పు కడుగుతోంది. ఆమె తమ్ముడు అప్పారావు అప్పుడే మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. సేక్కాన్ రేవులో గోడౌను కాపలా అతను. దీవి సంగతి ముందు పట్టుకున్నదీ, అందరినీ తొందరపెడుతున్నదీ అతనే.

“ఓలప్పా, నీ మేడ మెట్లెక్కీకన్నా ఆ దీవికి ఈదుకుంటా ఎల్లిపోడం సుళువు,” అన్నాడు చొక్కాతో మెడ తుడుచుకుంటూ. “ఏటే గుంటా, మొకం అలగున్నాది? జట్టులో సేరతన్నావా, జైలుకి ఎల్తన్నావా?”

“మేమే తయారవుతోంది మావా. తల్లిని చూపించమన్నారంటే తనే అనుకుంది.”

అప్పారావు నవ్వబోయి మానేశాడు. చిలకమ్మ చెయ్యి పప్పు నీళ్లలో ఆగిపోయింది.

“నివ్వు సెప్పనేదా?”

“ఎలా చెప్పను పిన్నీ? ఇంగ్లీషు వల్లె వేసుకుంటోంది.”

“అయితే ఆవిడే కూకుంటాది. అలగే కానీ. ఆవిడ పిల్లవే గదా నివ్వు.”

“ఆవిడ అమ్మ దీవిలో పుట్టలేదు. మీ అమ్మ పుట్టింది.”

“నాను సెప్పను,” అంది చిలకమ్మ, పప్పులోంచి పొట్టు ఏరి పారేస్తూ. కోపం లేదు ఆ గొంతులో. రెండు రోజులుగా ఒకే మాట అనీ అనీ అరిగిపోయిన గొంతు. “అమ్మీసిన దాన్ని నాదని ఏ మొకం ఎట్టుకుని అంతాను?”

“అమ్మినాదంట,” అన్నాడు అప్పారావు. “దోసెడు తవుడుకి. రేవులో కుళ్లు సేపకి కూడా అంతకన్నా ఎక్కువ పలుకుతాది.”

“నివ్వు నోరుముయ్యరా. ఆ దినం నివ్వు ఊర్లో నేవు.”

భాను గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. శిబిరంలో గంటలకొద్దీ అలాగే కూర్చోవడం అలవాటు. “పిన్నీ,” అంది, “ఆ తవుడు సంగతి నవ్వుకోవడానికి చెప్తే విన్నాను గానీ, మొదట్నుంచి ఎవరూ చెప్పలేదు. ఈరోజైనా చెప్పు. నా గొంతుకి అడ్డం పడిందేదో నాకు తెలియాలి కదా.”

చిలకమ్మ చేతులు తుడుచుకుంది. తర్వాత, ఎవరి కథో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

“నీకు ముందు ఇద్దరు. ఒకడు మూడు దినాలున్నాడు. ఒకతి పురిటి స్నానం దాకా ఉన్నాది. ఇద్దర్నీ నోరారా నా బంగారం, నా తల్లి అనుకున్నాను. ఆలకించినోడు, ఆ యముడు, ఆలకించి అట్టుకుపోనాడు. అందుకని నివ్వు పుట్టినప్పుడు మీ అమ్మమ్మ నన్ను నీ మీద సెయ్యెయ్యనియ్యనేదు. సేటలో పండబెట్టి గుమ్మం అవతల ఎట్టీసినాది. ‘ఎవుల పిల్లో ఇది, మాకక్కర్నేదు, కొనుక్కుంతారా’ అని కేకేసినాది. మనోళ్లు ఎవులో ఒకలొచ్చి, దోసెడు తవుడిచ్చి కొనుక్కోవాల. కొనుక్కుని, మా పిల్లని పెంచిపెట్టండి అని మళ్లీ మన సేతికే ఇవ్వాల. అప్పుడింక సావు వొచ్చినా ఈ ఇంట్లో దీనికి పిల్లల్నేరనుకుని ఎల్లిపోతాది. ఆ దినం ఒకటే వాన. వీదిలో మోకాల్లోతు నీల్లు. మనోళ్లు ఒక్కలూ రానేదు. ఎదురు తలుపు తీసుకుని సయామ వొచ్చినాది.”

“ఆవిడకి తెలుసా, ఇది మన వాడుక అని?”

“మీ అమ్మమ్మ సెప్పినాది, తనకొచ్చిన బర్మాలో. ఎంత అర్దమయ్యిందో మరి. మేడ మీద ఆవిడకి రెండు కోల్లుండీవి. ఆటి తవుడు డబ్బా మొత్తం అట్టుకొచ్చి ఒంపీసినాది. దోసెడు సాలు సయామా అంటే ఇన్నేదు. నిన్నెత్తుకుని ఏడిసినాది. ఆవిడకి పిల్లల్నేరు గదా.” చిలకమ్మ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “మళ్లీ నా సేతికే ఇచ్చినాది, అడిగినట్టే. నాలుగో దినం పొద్దుట ఎల్లి నిన్ను తన కూతురని రాయించీసినాది. రాసినోడు ఆవిడ కాడ సదువుకున్నోడే. తిరిగొచ్చి మాకే మిఠాయి ఎట్టినాది.”

భాను తల ఎత్తింది. “మీరు అడిగితే రాయించిందనుకున్నాను. కార్డు కోసం.”

“ఎవులడుగుతారు అలాటిది? కొనడమంటే కొనడమే అనుకున్నాది ఆవిడ. కాదని సెప్పడానికి మీ బాబు రెండుసార్లు ఆ గుమ్మం దాకా ఎల్లి తిరిగొచ్చినాడు. మాయి పచ్చ కార్డులు, వలసొచ్చినోల్లయి. నీకు గులాబీ కార్డు వొస్తాది, అసలు పౌరుల కార్డు, ఉండనీ అన్నాడు. ఉండనిచ్చినాం.”

కింద వీధిలో పాత సామాను కొనేవాడి కేక మెల్లగా దూరమైంది.

“ఇప్పుడు నాను కూకుని, నా పిల్ల అంటే, సయామ దొంగరాత రాయించినట్టే గదా,” అంది చిలకమ్మ. “ఆ దీవోల్లు ఇక్కడోల్లకి రాస్తారు, ఇక్కడోల్లు ఆవిణ్ణి పిలుస్తారు. ఆవిడ పింఛను మీద బతుకుతన్నాది. ఈ వయసులో ఎక్కడ నిలబెడతారో ఎవులికీ తెల్దు. అదొకటి. ఇంకోటి నీకు సెప్తే నవ్వుతావు.”

“ఆలకించేవాడు,” అంది భాను.

“ఊఁ.”

అప్పారావు ఈసారి నవ్వలేదు. “అప్పా, ఇరవయ్యారేల్లయింది. ఆడికీ ముసలితనం వొచ్చుంటాది, సెవుడొచ్చుంటాది,” అన్నాడు మెల్లగా. మేనకోడలి వైపు తిరిగాడు. “నివ్వూ ఆలోసించుకోవే. దీవి పాస్‌పోర్టు తీసుకుంటే ఇక్కడిది వొదిలీయాల. రెండూ కుదరవు. మీ పిన్నిని సూడ్డానికి రావాలన్నా సెలవడిగి రావాల.”

“ఆలోచించాను మావా. ఆలోచించీ ఆలోచించీ అలిసిపోయాను.” భాను మోకాలు ఒత్తుకుంటోంది, వాన పడేముందు లాగే కుడి మోకాలు. “ఇది ఇంకో రెండేళ్లు పనిచేస్తుందేమో. నాకు ఏ జెండా అయినా ఒకటే పిన్నీ. ఒక్క మ్యాచిలో గోలు ముందు నిలబడాలి. ఎదటిపిల్లలు గెలవడం కోసం నా మీదకి బంతి తన్నాలి. ఇన్నేళ్లూ తన్నింది సాధన కోసమే. పొద్దున్న లేచి గ్లౌజులు ఉతుక్కుంటాను, సాయంత్రం మడతపెట్టుకుంటాను. వాటికి మట్టి అంటడం లేదు.”

చిలకమ్మ ఏదో అనబోయింది. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

డా ఓన్ చీ ఆకుపచ్చ లుంగీ కట్టుకుని, కొప్పులో తెల్లపువ్వు పెట్టుకుని వచ్చింది. నేరుగా నడిచి, బల్ల మీద డబ్బాకి ఆనించిన ఫోను ముందు పేము కుర్చీలో కూర్చుంది. వెన్ను నిటారుగా, చేతులు ఒళ్లో. ముప్పయ్యేళ్లుగా ఎదురింట్లో ఉంటున్న మనిషి. తెలుగు మాట్లాడదు గానీ అర్థం కాకపోవడమంటూ లేదు. తెరిచిన తలుపుల మధ్య ఎంత విందో ముఖం చూసి చెప్పడం కష్టం.

చివరికి అప్పారావే అన్నాడు, చేతులు నలుపుకుంటూ, తనకొచ్చిన బర్మాలో. “సయామా, వాళ్లు కన్నతల్లి కావాలంటున్నారు. వాళ్ల పద్ధతి అది.”

ఆవిడ భాను వైపు చూసింది. భాను పక్కకి వచ్చి నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. అమ్మమ్మ, కొబ్బరితోటలు, రక్తం పరీక్ష. ఎంత మెల్లగా చెప్పినా త్వరగానే అయిపోయింది.

డా ఓన్ చీ విని, తెర మీద చీకటిగా ఉన్న ఫోను వైపే చూస్తూ అడిగింది. “వాళ్ల రూల్లో కొనుక్కున్న తల్లి అని ఏమైనా ఉందా?”

“లేదు మేమే.”

“ఓహో.” తల ఊపింది. లేచి కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని, మళ్లీ అందులోనే కూర్చుంది. “అయితే చిలకమ్మ ఇక్కడ కూర్చోవాలి. నేను పక్కన ఉంటాను. ఉండొచ్చు కదా?”

“ఉండండి సయామా,” అంది చిలకమ్మ. పీట తెచ్చుకుని ఆవిడ పక్కన వేసుకుంది. పీట పొట్టిదవడంతో ఫోన్లో తల సగమే కనిపిస్తుందని అప్పారావు దాని కింద రెండు దిండ్లు పెట్టాడు. అంత బాధలోనూ ఆ దిండ్ల మీద చిలకమ్మ ఊగిసలాడటం చూసి డా ఓన్ చీ పెదవి కొద్దిగా కదిలింది. చెయ్యి పట్టి నిలిపింది.

ఫోను మోగింది.

తెర మీద గుండ్రటి ముఖం, తెల్ల మీసం. వెనక కిటికీలో ఎండ. “నమస్కారమండీ. నేను జగన్మోహన్‌ను. మా పెద్దల నాటి తెలుగు. తప్పులున్న క్షమించవలెను,” అన్నాడు. పక్కన ఇంకో ఇద్దరు కూర్చున్నారని, వాళ్లు కమిటీవాళ్లని చెప్పాడు. “దేముడమ్మ గారి మనుమరాలు మా గోలు కాయుననిన మా ముసలివారందరూ సంతోషించుచున్నారు,” అన్నాడు. మర్యాదస్తుడు.

“అమ్మా, ఒక్కటే ప్రశ్న. ఈ బిడ్డను కన్న తల్లి ఎవరండీ?”

చిలకమ్మ ఫోను వైపు చూడలేదు. గోడ మీద పోయిన భర్త జోగి ఫొటో ఉంది. దాని వైపూ చూడలేదు. ఎదురుగా నేల మీద కూర్చున్న భాను మోకాలు మీద ఆమె చూపు నిలిచింది. రాత్రుళ్లు తాను నూనె రాసే మోకాలు. వద్దులే పిన్నీ అని అనేద్దామని భానుకి ఒక్క క్షణం నిజంగా అనిపించింది. అలసట అలాంటిది, గెలవాల్సింది కూడా వదిలేయమంటుంది.

“నానే,” అంది చిలకమ్మ. మళ్లీ అంది. “నాను కన్నాను. నా కూతురు.”

అని, వెంటనే చెయ్యి చాచి భాను మణికట్టు పట్టుకుంది, పిల్ల ఇంకా అక్కడే వెచ్చగా ఉందో లేదో చూసుకున్నట్టు. భాను పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. వస్తే ఎలా ఉంటుందో చిన్నప్పుడు చాలాసార్లు ఊహించుకుంది. ఇలా ఫోను ముందు, దిండ్ల మీద, భయంతో వస్తుందనుకోలేదు.

“బహు మంచిదండీ,” అన్నాడు జగన్మోహన్. పక్కనున్నవాళ్లకి ఇంగ్లీషులో చెప్పాడు. “మరి పక్కనున్న అమ్మ ఎవరండీ? బంధువులా?”

చిలకమ్మ చప్పున జవాబిచ్చింది. “పక్కింటావిడ.”

ఎందుకన్నదో భానుకి తెలుసు. ఆవిడెవరో బయటపడకపోతే ఇప్పటికైనా ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగరు. కార్డులో ఉన్న తల్లి ఈవిడేనని వాళ్లకి తెలియకపోతే చాలు. ఆలోచించి అన్నది కాదు, పడబోతున్న మనిషికి చెయ్యి అడ్డం పెట్టినట్టు అన్నది. అయినా ఆ మాట గదిలో పడి అలాగే ఉండిపోయింది. డా ఓన్ చీ ఒళ్లో ఉన్న చేతులు రెండూ ఒకదాన్ని ఒకటి వదిలేశాయి.

“అటులనా. బిడ్డ పుట్టినప్పుడు కూడా ఆ అమ్మ అక్కడే ఉండిరా?” జగన్మోహన్ ఉత్సాహంగా ముందుకి వంగాడు. “ఉండిన ఇంకేమి కావలె? ఇంటివారు కాని సాక్షి ఒకరు కావలెనని మా కమిటీవారు పట్టుబట్టుచున్నారు. ఆమె నోట ఒక్క మాట వచ్చిన ఈ దినమే ముగించెదము. అమ్మా, మీరు చూచితిరా? ఈ బిడ్డ ఈ తల్లికే పుట్టినదా?”

అందరూ ఆవిడ వైపు తిరిగారు. చిలకమ్మ పట్టు భాను మణికట్టు మీద బిగిసింది. అప్పారావు ఏదో సైగ చేయబోయి, ఏ సైగ చేయాలో తెలియక చెయ్యి దించేశాడు.

డా ఓన్ చీ ఫోను వైపు చూడలేదు. భానుని చూసింది. తొలిరోజు బడికి పంపేటప్పుడు జడ సరిగ్గా పడిందో లేదో చూసినట్టు, తల నుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది. తర్వాత లేచింది. లుంగీ మడత సరిచేసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది.

“మేమే,” అంది భాను.

ఎదురుగా ఆవిడ తలుపు ఎప్పటిలాగే తెరిచే ఉంది. ఆవిడ అటు వెళ్లలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని, వెనక్కి చూడకుండా, ఒక్కో మెట్టూ దిగుతూ కిందికి వెళ్లిపోయింది.